ఫ్రిజ్జు తలుపు జుమ్మంటే

అక్కా, మీ ఇంట్లో ఫ్రిజ్జు ఉందా? ఉంటే ఎక్కడ పెట్టారు?

మన అనంతపురం పల్లెల్లో చాలా ఇళ్ళు చిన్నవి. లోపల ఒకటో రెండో గదులు. ముందర పంచ. ఎండాకాలంలో మిద్దె లోపల పొయ్యి వెలిగిస్తే కూర్చోలేము. అందుకని ఇంటి పక్కన ఒక కొట్టం వేసుకుంటాము. పైన రేకులు ఉంటాయి. లేదా బోద కప్పు ఉంటుంది. రెండు మూడు పక్కల తెరిచే ఉంటుంది. పొయ్యి అక్కడే. నీళ్ళ బాన అక్కడే. బోకులు తోమేది అక్కడే. ఇప్పుడు ఫ్రిజ్జు కూడా అక్కడికే వచ్చింది.

ఫ్రిజ్జు ఇప్పుడు షోకు కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున కాచిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోతాయి. ఒక ఇంట్లో చక్కెర జబ్బు ఉన్న మామ ఉంటాడు. ఆయన ఇన్సులిన్ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఇంకో ఇంట్లో అక్క సంఘంలో లోను తీసుకుని చిన్న అంగడి పెట్టుకుంటుంది. మజ్జిగ, పెరుగు, చల్లని నీళ్ళు అమ్ముతుంది. ఆమెకు ఫ్రిజ్జే బతుకుతెరువు.

అయితే ఒక మాట. ఫ్రిజ్జు తయారు చేసేవాళ్ళు దాన్ని ఇంటి లోపల పెట్టడానికే చేస్తారు. లోపల నేల పొడిగా ఉంటుంది. వాన జల్లు పడదు. కొట్టంలో అట్లా కాదు. నేల తడి. మన చేతులు తడి. కాళ్ళకు చెప్పులు ఉండవు. పైన ఇనుప రేకులు. చుట్టూ గాలి, దుమ్ము, ఎలుకలు. ఇన్ని ఉన్న చోట కరెంటు పెట్టెను పెడుతున్నాము. కాబట్టి ఇంట్లో చాలే జాగ్రత్త కొట్టంలో చాలదు.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. ఇటీవలి సంవత్సరాలలో మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు తగిలి చనిపోతున్నారు. అందులో అందరూ స్తంభాలు ఎక్కినవాళ్ళు కాదు. ఇంట్లో, పెరట్లో, పొలంలో రోజూ చేసే పని చేస్తూ పోయినవాళ్ళు చాలా మంది.

"ఏం కాదులే అక్కా"

ఈ మాటలు మీరు విని ఉంటారు.

"ఏమప్పా, ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే చెయ్యి జుమ్మంటా ఉందే?"

"ఏం కాదులే అక్కా. కొంచెం లీకు ఉంటుంది. చెప్పులు ఏసుకుని తియ్యి."

"పిల్లోళ్ళు ఊరికే తలుపు తీస్తా ఉంటారు కదప్పా."

"వాళ్ళనీ చెప్పులు ఏసుకోమని చెప్పు."

ఆ వైరింగు తమ్ముడు చెడ్డవాడు కాదు. కానీ అతను చెప్పింది తప్పు. "కొంచెం లీకు" అనేది లేదు. ఇవాళ చెయ్యి పొడిగా ఉంది, నేల పొడిగా ఉంది, అందుకే జుమ్మని వదిలింది. రేపు బోకులు తోముతూ లేచి, తడి చేతితో, తడి నేల మీద నిలబడి అదే తలుపు పట్టుకుంటే వదలకపోవచ్చు. కరెంటు గట్టిగా పట్టుకుంటే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. మనం వదలాలనుకున్నా వేళ్ళు విడిపోవు.

ఎంత కరెంటుకు ప్రాణం పోతుంది? చాలా పెద్ద కరెంటు కావాలని మనం అనుకుంటాము. మీ ఇంట్లో 9 వాట్ల చిన్న ఎల్ఈడీ బల్బు ఉంటుంది కదా. అది వెలగడానికి ఎంత కరెంటు కావాలో, సుమారు అంత కరెంటు ఛాతీ గుండా పోతే చాలు. గుండె తన లయ తప్పవచ్చు. మనిషి చనిపోవచ్చు.

ఇంకో సంగతి చూడండి. జుమ్మనే ఫ్రిజ్జు చల్లగానే ఉంటుంది. పాలు విరగవు. ఐసు గడ్డ కడుతుంది. అందుకే మనం పట్టించుకోము. చెడిపోయిన ఫ్రిజ్జును వెంటనే బాగు చేయిస్తాము. షాకు కొట్టే ఫ్రిజ్జును మాత్రం నెలల తరబడి వాడతాము.

జుమ్మంటే ఆ క్షణమే ఏం చేయాలి? ఫ్రిజ్జును మళ్ళీ ముట్టుకోవద్దు. స్విచ్చి ఆపండి. స్విచ్చి కూడా తడిగా ఉంటే మెయిన్ ఆపండి. పొడి చేతితో ప్లగ్గు పీకండి. బాగు చేయించే దాకా పెట్టవద్దు. పాలు పోతే పోనీ.

కరెంటు ఎక్కడికి పోతుంది?

కరెంటు ఒక తీగలో వస్తుంది. పని చేసి ఇంకో తీగలో తిరిగి పోతుంది. వచ్చే తీగను ఫేజు అంటారు. పోయే తీగను న్యూట్రల్ అంటారు. పాత వైరింగులో ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు. ఫ్రిజ్జుతో వచ్చే వైరులో ఫేజు గోధుమ రంగు, న్యూట్రల్ నీలం.

మూడో తీగ ఒకటి ఉంది. అది పచ్చ రంగు. లేదా పచ్చ మీద పసుపు చార. అదే ఎర్తు తీగ. మామూలు రోజుల్లో దానిలో కరెంటు పోదు. అది ఊరికే ఉంటుంది. ఊరికే ఉంది కదా అని మనవాళ్ళు దాన్ని కత్తిరించేస్తారు!

ఫ్రిజ్జు లోపల మోటారు ఉంది. దాని తీగల మీద పూత ఉంటుంది. ఎండకు, వేడికి, పాతబడి ఆ పూత పోతుంది. ఒక్కోసారి ఎలుక కొరుకుతుంది. అప్పుడు ఫేజు తీగ ఫ్రిజ్జు ఇనుప రేకును తాకుతుంది. కాలువకు గండి పడితే నీళ్ళు పల్లం వైపు పోయినట్టు, కరెంటు నేలలోకి దారి వెతుకుతుంది. ఎర్తు తీగ బాగా ఉంటే ఆ దారిన పోతుంది. ఎర్తు తీగ లేకపోతే కాచుకుని ఉంటుంది. ఎవరైనా వచ్చి తలుపు పట్టుకుంటే వాళ్ళ ఒంటి గుండా, వాళ్ళ పాదాల గుండా నేలలోకి పోతుంది. మన కొట్టంలో తాడిపత్రి బండలు పరిచి ఉంటాయి. వాటి మీద నీళ్ళు పడి ఉంటాయి. కరెంటుకు అంతకన్నా సులువైన దారి లేదు.

మూడు పుల్లల ప్లగ్గు చూడండి. ఒక పుల్ల లావుగా, పొడుగ్గా ఉంటుంది. అదే ఎర్తు పుల్ల. పొడుగ్గా ఎందుకు చేశారు? ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగలాలి. పీకేటప్పుడు అది చివర వదలాలి. కరెంటు వచ్చే ముందే కాపలా రావాలని ఆ ఏర్పాటు.

మన పల్లెల్లో దీనికి నాలుగు రకాల ద్రోహం జరుగుతుంది. రెండు రంధ్రాల బోర్డులో పట్టడం లేదని లావు పుల్లను విరిచేస్తారు. అది ఒకటి. రెండు పుల్లల అడాప్టరు తెచ్చి తగిలిస్తారు. అది రెండు.

మూడోది ఇంకా చెడ్డది. ఎర్తు గుంత తీయడం ఎందుకని, సాకెట్టు వెనకాల ఎర్తును న్యూట్రల్‌కు కలిపేస్తారు. బయటికి చూస్తే మూడు రంధ్రాలూ ఉంటాయి. లోపల మోసం. ఏదో ఒక రోజు గాలికి మీ న్యూట్రల్ తీగ తెగిందనుకోండి. అప్పుడు ఫేజు కరెంటు ఫ్రిజ్జు మోటారు గుండా వచ్చి, ఆ కలిపిన తీగ గుండా ఫ్రిజ్జు రేకు మీదికే వస్తుంది. ఫ్రిజ్జులో ఏ చెడూ లేకపోయినా షాకు కొడుతుంది.

నాలుగోది, ఎర్తు తీగను తీసుకుపోయి బోరింగుకు కట్టడం. బోరింగు నేల లోపలికి పోతుంది కాబట్టి ఎర్తు బాగా దొరుకుతుందని లెక్క. కానీ మీ ఫ్రిజ్జు చెడిపోయిన రోజు ఆ బోరింగు పిడి ఎవరి చేతిలో ఉంటుంది? నీళ్ళకు వచ్చిన పక్కింటి పిల్ల చేతిలో ఉంటుంది. నీళ్ళ పైపులకు కూడా కట్టవద్దు. ఇప్పుడు చాలా పైపులు ప్లాస్టిక్కువి. వాటి గుండా ఎర్తు దొరకదు.

మన ఎండు నేల

ఇక్కడ మన జిల్లా సంగతి వేరుగా చెప్పుకోవాలి.

ఎర్తింగు అంటే తీగను నేలలో పాతడం మాత్రమే కాదు. నేలలో తడి ఉండాలి. తడి నేల కరెంటును తీసుకుంటుంది. ఎండు నేల తీసుకోదు. కోస్తాలో వరి పొలాల పక్క ఇళ్ళకు ఈ చింత తక్కువ. మనది పడమటి కనుమల చాటున ఉన్న మెట్ట. వాన మబ్బులు ఆ కొండల మీదే చాలా వరకు కురిసేస్తాయి. మన దగ్గర ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకానే వాన. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. నేల ఎర్ర గరప. కొంచెం తవ్వితే రాయి. శెనక్కాయ చేను ఎండినట్టే ఎర్తు గుంత కూడా ఎండుతుంది. చేను ఎండితే కనిపిస్తుంది. గుంత ఎండితే కనిపించదు.

మంచి ఎర్తు గుంత ఎట్లా ఉంటుంది? సుమారు ఎనిమిది అడుగుల ఇనుప పైపును నేలలో నిలువునా దించుతారు. తుప్పు పట్టకుండా దానికి జింకు పూత ఉంటుంది. పైపుకు పొడుగునా రంధ్రాలు ఉంటాయి. చుట్టూ బొగ్గులు ఒక వరస, ఉప్పు ఒక వరస నింపుతారు. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది. ఉప్పు నీళ్ళలో కరిగి కరెంటుకు దారి ఇస్తుంది. పైన గరాటు పెట్టి, చుట్టూ చిన్న తొట్టి కట్టి, మూత వేస్తారు. గోడకు నాలుగైదు అడుగుల దూరంలో తవ్వాలి. ఇప్పుడు అంగట్లో రెడీమేడ్ కడ్డీలు, పొడి కూడా దొరుకుతున్నాయి. అవీ పనికొస్తాయి.

నాలుగు అడుగులకే బండ తగిలితే? మన దగ్గర ఇది మామూలే. అప్పుడు వైరింగు ఆయన "ఇంతే లేమ్మా" అని పైపును సగానికి కోసి పాతుతాడు. ఒప్పుకోవద్దు. నిలువుగా పోకపోతే అడ్డంగా పోవచ్చు. పొడుగాటి కాలువలాగా తవ్వి, అందులో ఇనుప పట్టీ పరిచి పూడ్చవచ్చు. లేదా దూరం దూరంగా రెండు గుంతలు తీసి రెండింటినీ తీగతో కలపవచ్చు.

గుంతకు నీళ్ళు పోయాలి. ఎండాకాలంలో రెండు మూడు రోజులకు ఒకసారైనా ఒక బిందెడు పోస్తే మంచిది. "తాగను నీళ్ళు లేకుంటే గుంతకు యాడ తెచ్చేది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన మాటే. దానికి ఒక ఉపాయం ఉంది. గుంత తీసేటప్పుడే చోటు మీరు చూపించండి. బోకులు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు పారే వైపున తీయించండి. ఆ మురికి నీళ్ళు చిన్న కాలువ గుండా పోయి గుంతలో పడాలి. సబ్బు నీళ్ళయినా పరవాలేదు. మంచి నీళ్ళు ఒక్క చుక్క ఖర్చు కాదు. అయితే గుంత మీదే కూర్చుని బోకులు తోమకూడదు. కరెంటు నేలలోకి దిగే చోటు అది. మనం ఏడెనిమిది అడుగుల ఇవతల ఉండాలి. నీళ్ళు మాత్రం అక్కడికి పోవాలి.

వైరింగు చేసేది మగవాళ్ళే కావచ్చు. కానీ బోకులు తోమే నీళ్ళు ఎటు పారుతాయో మనకు తెలిసినంత వాళ్ళకు తెలియదు.

ఉప్పు వల్ల పైపు కొన్నేళ్ళకు తినిపోతుంది. తీగ బిగించిన బోల్టు తుప్పు పడుతుంది. ఏటా ఒకసారి మూత తీసి చూపించండి.

మందను లెక్కపెట్టే పెట్టె

ఇంత చేసినా మన ఎండు నేలలో ఎర్తు ఒక్కటే చాలదు. ఎందుకో చెబుతాను. కొంచెం లెక్క ఉంది. నిదానంగా చదవండి.

మీ ఇంట్లో మెయిన్ దగ్గర ఎంసీబీ అనే స్విచ్చి ఉంటుంది. కొందరు ట్రిప్పర్ అంటారు. అది 16 ఆంపియర్లది అనుకుందాం. అంటే 16 ఆంపియర్లు దాటి కరెంటు పోతేనే అది పడిపోతుంది. ఫ్రిజ్జు రేకుకు ఫేజు తగిలింది. ఎర్తు తీగ గుండా కరెంటు నేలలోకి పోతోంది. నేల తడిగా ఉండి బాగా తీసుకుంటే చాలా కరెంటు పోతుంది. ఎంసీబీ పడుతుంది. కానీ మన ఎండిన గరప నేలలో 4, 5 ఆంపియర్లే పోవచ్చు. ఎంసీబీ దాన్ని లెక్కచేయదు. పడదు. ఫ్రిజ్జు రేకు మీద కరెంటు అట్లాగే నిలబడి ఉంటుంది. ఎర్తు పెట్టించుకున్నామని మనం ధీమాగా తలుపు పట్టుకుంటాము.

దీనికి ఇంకో పెట్టె కావాలి. దాని పేరు ఆర్‌సీసీబీ. చూడడానికి ఎంసీబీ లాగే ఉంటుంది. పని వేరు.

గొర్రెల మంద ఉన్నవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. పొద్దున దొడ్డి నుంచి 60 గొర్రెలు మేతకు పోయాయి. సాయంత్రం 60 తిరిగి రావాలి. 59 వస్తే ఏమంటాము? ఒకటి ఎక్కడో తప్పిపోయింది అంటాము. ఆర్‌సీసీబీ చేసేది ఆ లెక్కే. ఫేజులో పోయిన కరెంటు ఎంత, న్యూట్రల్‌లో తిరిగి వచ్చింది ఎంత అని ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు వేరే దారిన నేలలోకి పోతోందన్న మాట. మనిషి ఒంటి గుండా కూడా పోతూ ఉండవచ్చు. రెప్పపాటులో మొత్తం కరెంటు ఆపేస్తుంది. ఎంసీబీ అట్లా కాదు. దొడ్డి వాకిట్లో తొక్కిసలాట అయితేనే అది చూస్తుంది. ఒక గొర్రె తప్పిపోతే దానికి పట్టదు.

ఆర్‌సీసీబీకి ఎండు నేల, తడి నేల అన్న పట్టింపు తక్కువ. చాలా కొంచెం కరెంటు తప్పిపోయినా అది పట్టుకుంటుంది. అందుకే కోస్తా వాళ్ళకన్నా మనకే అది ఎక్కువ అవసరం అంటాను. అయినా ఎర్తు గుంత మానకూడదు. ఎర్తు ఉంటే ఫ్రిజ్జులో చెడు పుట్టిన క్షణమే పెట్టె పడిపోతుంది. ఎర్తు లేకపోతే మనిషి తగిలాకనే పడుతుంది.

అంగట్లో కొనేటప్పుడు మీరే చదవండి. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. పెట్టె మీద 30 అని ఉండాలి. దాని పక్కన ఇంగ్లీషులో చిన్న ఎం, పెద్ద ఏ అక్షరాలు ఉంటాయి. మనుషులను కాపాడేది ఆ 30 రకం. 100, 300 అని ఉన్నవి కూడా అమ్ముతారు. అవి నిప్పు అంటుకోకుండా చూడడానికి వాడేవి. మన ప్రాణానికి అవి చాలవు. కొన్ని పెట్టెల మీద 30కి బదులు 0.03 అని రాసి, పక్కన ఏ అక్షరం ఒక్కటే ఉంటుంది. అదీ అంతే విలువ. ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి.

పెట్టె మీద టి అనే ఇంగ్లీషు అక్షరంతో ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకు ఒకసారి దాన్ని నొక్కండి. టక్కున పడిపోవాలి. పడితే పెట్టె బాగుంది. మళ్ళీ పైకి ఎత్తండి. పడకపోతే మార్పించండి. ఏ రోజు నొక్కారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. ఆర్‌సీసీబీ పెట్టాక మాటిమాటికీ పడిపోవచ్చు. "ఇది పెట్టినప్పటి నుంచి ఒకటే తలనొప్పి, తీసెయ్యప్పా" అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. తీయించవద్దు. అది అబద్ధం చెప్పదు. ఎక్కడో గండి ఉంది. అన్నీ ఆపి ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏ వస్తువు పెట్టినప్పుడు పడుతుందో దొరుకుతుంది. ఒక్కోసారి అది ఫ్రిజ్జు కాదు. పాత మిక్సీ. లేదా ఎలుక కొరికిన బల్బు తీగ.

అది చేయలేని పని ఒకటి ఉంది. రెండు తీగలనూ రెండు చేతులతో ఒకేసారి పట్టుకుంటే అది కాపాడలేదు. పోయిన కరెంటు అంతా మన ఒంటి గుండా తిరిగి వచ్చేస్తుంది. లెక్క సరిపోయిందని అది ఊరకుంటుంది.

కొట్టంలో చూడవలసినవి

రేకుల కొట్టం విషయంలో గట్టిగా చెప్పాలి. రేకు అంచు కత్తి లాంటిది. తీగ దాని మీదుగా పోతే గాలికి ఊగి ఊగి పూత కోసుకుపోతుంది. మన గాలి సంగతి తెలిసిందే. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్, జూలై గాలికి రెండు నెలల్లో పూత పోతుంది. అప్పుడు కొట్టం మొత్తం, రేకులు, ఇనుప గుంజలు అన్నీ కరెంటు అవుతాయి. ఇంటి నుంచి కొట్టానికి తీగను ప్లాస్టిక్ పైపులో తేవాలి. రేకును తాకకూడదు. మధ్యలో అతుకు ఉండకూడదు. అతుకు మీద పాలిథిన్ కవరు చుట్టి దారం కట్టడం అతుకు కాదు.

బట్టల దండెం చూడండి. ఇనుప తీగతో కట్టారా? అది ఏ గుంజకు కట్టారు? కరెంటు తీగ వచ్చే గుంజకే కట్టి ఉంటే ఇవాళే విప్పండి. తడి బట్ట ఆరేస్తూ పోయిన అక్కల వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాము. నైలాన్ తాడు కట్టుకోండి.

సాకెట్టు మీ భుజం ఎత్తులో ఉండాలి. జల్లు కొట్టని గోడకు ఉండాలి. మూత ఉన్న బాక్సు పెట్టించండి. స్విచ్చి ఫేజు తీగ మీద ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే, స్విచ్చి ఆపినా ఫ్రిజ్జులో కరెంటు ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టి దానికి ఫ్రిజ్జు, మిక్సీ, సెల్లు చార్జరు అన్నీ తగిలించవద్దు. ఫ్రిజ్జుకు దానిదే ఒక సాకెట్టు.

ఫ్రిజ్జు కింద ఎత్తు పీట వేయండి. కొట్టం కడిగినప్పుడు నీళ్ళు దాని కిందికి పోకూడదు. గోడకు జానెడు ఎడంగా జరపండి. వెనకాల వేడి పోవాలి. పొయ్యికి ఆరు అడుగులైనా దూరం ఉంచండి. గ్యాసు బండను ఫ్రిజ్జు పక్కన పెట్టవద్దు. గ్యాసు గాలి కన్నా బరువు. లీకయితే నేల వెంబడి పాకుతుంది. ఫ్రిజ్జు మోటారు కూడా అడుగునే ఉంటుంది. అది మొదలయ్యేటప్పుడు నిప్పురవ్వ రావచ్చు. ఫ్రిజ్జు తుడిచే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు.

కరెంటు తక్కువగా వస్తే మోటారు గుర్రుమని ఆగిపోతుంది, కాలిపోతుంది. పొలం మోటార్లు ఆడే వేళల్లో కొన్ని ఊళ్ళలో ఇది మామూలే. స్టెబిలైజరు ఉంటే మంచిది. అది షాకు నుంచి కాపాడదు, మోటారును మాత్రమే కాపాడుతుంది. కరెంటు పోయి వస్తే అయిదు నిమిషాలు ఆగి పెట్టండి.

ఇవన్నీ చేయించడానికి ఇప్పుడు డబ్బు లేకపోతే? అప్పుడు ఫ్రిజ్జును కొట్టంలో నుంచి ఇంట్లోకి, పొడి నేల మీదికి మార్చండి. చోటు ఇరుకైనా సరే. నీళ్ళకూ కూరగాయలకూ మట్టి కుండ ఉంది. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ నీళ్ళు ఇక్కడ బాగా చల్లబడతాయి. గుజరాత్‌లో మన్సుఖ్‌భాయ్ ప్రజాపతి అనే కుమ్మరి 2001 భూకంపం తరవాత ఇదే కిటుకుతో మట్టి ఫ్రిజ్జు తయారు చేశాడు. దానికి కరెంటు అక్కరలేదు. అయితే ఇన్సులిన్ ఉంచేటంత చల్లదనం దానిలో ఉండదు.

డబ్బు విషయంలో సంఘంలో మాట్లాడుకోండి. పది ఇళ్ళు కలిస్తే గుంతలు తవ్వే కూలి, వైరింగు ఆయన రోజు కూలి, పెట్టెల ధర అన్నీ తగ్గుతాయి. ఫ్రిజ్జుకు లోను రాసేటప్పుడే ఎర్తింగుకూ ఆర్‌సీసీబీకీ కలిపి రాయండి. అసలు, నా లెక్కలో అవి ఫ్రిజ్జు ధరలో భాగమే. వైరింగు లైసెన్సు ఉన్న ఆయనతోనే చేయించండి. బయట స్తంభం మీద తీగ వేలాడుతున్నా, మీ ఇంటికి వచ్చే తీగ పూత పోయినా అది కరెంటు ఆఫీసు పని. 1912 నంబరుకు ఫోను చేయండి. మీరు ముట్టుకోవద్దు.

ఎవరికైనా కరెంటు తగిలితే

పరుగెత్తి పోయి పట్టుకోవద్దు. పట్టుకుంటే ఇద్దరికీ తగులుతుంది. ఒకే ఇంట్లో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయేది ఇట్లాగే. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. మెయిన్ అందకపోతే పొడి నేల మీద, పొడి చెక్క మీద నిలబడి, పొడి కట్టెతో మనిషిని పక్కకు తోయండి. పచ్చి కట్టె, ఇనుప కడ్డీ, తడి గుడ్డ వద్దు. ఇది ఇంటి కరెంటుకు మాత్రమే చెప్పే మాట. పెద్ద లైను తీగ తెగి పడితే దగ్గరికే పోవద్దు.

మనిషిని విడిపించాక పిలిచి చూడండి. పలకడం లేదు, ఊపిరి ఆడడం లేదు అంటే 108కి ఫోను చేయమని ఒకరికి చెప్పండి. మీరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలు పెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో ఒక అరచెయ్యి, దాని మీద ఇంకో అరచెయ్యి పెట్టండి. మోచేతులు వంచకుండా రెండు అంగుళాల లోతు దిగేలా నొక్కండి, వదలండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అంటే సెకనుకు దాదాపు రెండు సార్లు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. 108 వచ్చే దాకా ఆపవద్దు. మట్టిలో పాతిపెట్టడం, నోట్లో నీళ్ళు పోయడం వంటివి చేయవద్దు. వాటితో పోయేది విలువైన సమయం.

షాకు కొట్టిన మనిషి లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే, ఆసుపత్రికి తీసుకుపోండి. పైన చిన్న మచ్చే ఉన్నా లోపల కాలి ఉండవచ్చు. గుండె లయ ఆలస్యంగా కూడా తప్పవచ్చు. డాక్టరు గుండె పరీక్ష చేసి పంపిస్తేనే ఇంటికి రావాలి.